గుర్తుపట్టడం వేరు, గుర్తుకు రావడం వేరు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గాలి తగ్గాక బయటికొచ్చిన జనానికి విరిగిన స్తంభాలు, తెగిన కరెంటు తీగలతో పాటు ఇంకో చిక్కు కూడా ఎదురైంది. ఏళ్ల తరబడి తిరిగిన వీధిలోనే తాము తిరగాల్సిన సందు ఏదో ఒక్క క్షణం తోచలేదు. మలుపులో ఉండాల్సిన చెట్టు లేదు. దాని పక్కన హోర్డింగు లేదు. ఇన్నాళ్లూ కొమ్మల చాటున ఉన్న మేడ ఒకటి ఉన్నట్టుండి ఎదురుగా నిలబడింది. ఊరు ఊరిలా లేదని చాలామంది అనుకున్నారు.

తుపానుకు వారం ముందు వాళ్లలో ఎవరినైనా ఆపి, మీ మలుపులో ఉన్నది ఏ చెట్టు, దాని కొమ్మలు ఎటు వాలి ఉంటాయి అని అడిగి ఉంటే సరిగ్గా చెప్పగలిగేవాళ్లు కొద్దిమందే. చెప్పలేకపోయినా ఆ చెట్టు వాళ్ల మెదడులో ఉంది. ఉండబట్టే అది లేకపోవడం తెలిసింది.

తెలుగులో ‘గుర్తు’ అనే చిన్న మాట ఈ వ్యవహారమంతా మోస్తుంది. దారిలో కనిపించే ఆనవాలు గుర్తు. చూసి పోల్చుకోవడం గుర్తుపట్టడం. నేర్చినది నిలుపుకోవడం గుర్తుపెట్టుకోవడం. అవసరానికి మనసులో మెదలడం గుర్తుకు రావడం. చూపు, చదువు, జ్ఞాపకం మూడూ ఒకే మాట చుట్టూ తిరుగుతున్నాయి. మెదడులో కూడా ఈ మూడింటి మధ్య గట్టి గోడలేమీ లేవు. ఒక్క చోట మాత్రం తేడా పెద్దది. గుర్తుపట్టడం సులువు, గుర్తుకు తెచ్చుకోవడం కష్టం. ఆ సులువును చూసి అంతా వచ్చేసిందనుకోవడం వల్లే చదువుకునే పిల్లలు ఎక్కువగా దెబ్బతింటున్నారు. ఆ సంగతికి వచ్చేముందు కంటి దగ్గర మొదలుపెట్టాలి.

కన్ను కెమెరా అని బడిలో చెబుతారు. పోలిక బాగానే ఉంటుంది కానీ కాసేపటికే తప్పుదారి పట్టిస్తుంది. చెయ్యి చాపి బొటనవేలి గోరు చూస్తే ఎంత మేర కనిపిస్తుందో, ఇంచుమించు అంత మేరే కన్ను ఏ క్షణాన్నైనా స్పష్టంగా చూడగలదు. మిగతాదంతా మసకే. ఆ మసక మనకు తెలియకుండా కళ్లు సెకనుకు మూడుసార్ల దాకా అటూ ఇటూ గెంతుతూ ఉంటాయి. కంటి లోపలి తెర అయిన రెటీనాలో వెలుతురును పట్టే కణాలు 12 కోట్లకు పైగా ఉంటే, కంటి నుంచి మెదడుకు వెళ్లే నరంలో ఉన్న తంతువులు 10 లక్షలు మాత్రమే. అంటే సమాచారాన్ని దారిలోనే కుదించి పంపాలి. పైగా ఆ నరం బయటికెళ్లే చోట రెటీనాకు చూపే లేదు. అనుమానం ఉంటే ఒక కాగితం మీద 8 సెంటీమీటర్ల దూరంలో పక్కపక్కన రెండు చుక్కలు పెట్టి, ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ఎడమవైపు చుక్కనే చూస్తూ కాగితాన్ని ముందుకూ వెనక్కూ జరపాలి. దాదాపు అడుగు దూరంలో కుడివైపు చుక్క మాయమవుతుంది. అక్కడ నల్లటి చిల్లేమీ కనిపించదు, తెల్ల కాగితమే కనిపిస్తుంది. ఆ తెలుపు కంటి నుంచి వచ్చింది కాదు. చుట్టూ ఉన్నదాన్ని బట్టి మెదడు పూసుకున్నది.

ఈ పూత ఆ చుక్కతో ఆగదు. కంటి నరం తెచ్చిన కబురు థాలమస్ అనే మజిలీ మీదుగా తల వెనక భాగానికి చేరుతుంది. ఆ మజిలీకి కంటి నుంచి వచ్చే కనెక్షన్ల కన్నా మెదడు పైపొర నుంచి వెనక్కి వచ్చేవే చాలా ఎక్కువ. బయటినుంచి కబురు చేరేలోపే లోపలినుంచి ‘ఇది ఫలానా అయి ఉంటుంది’ అనే అంచనా బయల్దేరుతుందన్నమాట. 19వ శతాబ్దంలోనే జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ చూపును మనకు తెలియకుండా జరిగే ఊహ అన్నాడు. మన వేదాంతులు అంతకు ఎన్నో శతాబ్దాల ముందునుంచే మసక చీకట్లో తాడును చూసి పామనుకునే మనిషిని ఉదాహరణగా చెబుతూ వచ్చారు. వాళ్ల ఉద్దేశం వేరు, జగత్తు గురించి. కానీ ఆ ఉదాహరణలో నాడీశాస్త్రానికి పనికొచ్చే ప్రశ్న ఒకటుంది. తాడు పాములాగే ఎందుకు కనిపించాలి, పూలదండలా ఎందుకు కనిపించకూడదు? పామును తాడనుకుంటే ప్రాణం పోవచ్చు, తాడును పామనుకుంటే నవ్వులపాలవడం తప్ప ఏమీ కాదు. వెలుతురు చాలనప్పుడు మెదడు తక్కువ నష్టం ఉన్న అంచనా వైపే మొగ్గుతుంది.

అంచనాకు పెట్టుబడి పాత అనుభవం. విశాఖ ఆర్కే బీచ్‌లో నిలబడి దక్షిణంగా చూస్తే సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండ కనిపిస్తుంది. డాల్ఫిన్ నోస్ అన్న పేరు విన్నవాళ్లకు అందులో డాల్ఫిన్ ముట్టె కనిపిస్తుంది. ఆ పేరు విననివాళ్లకు, డాల్ఫిన్‌ను బొమ్మలోనైనా చూడనివాళ్లకు అది కొండే. ఒకసారి ముట్టె కనిపించాక మళ్లీ ఉత్త కొండగా చూడటం కుదరదు. ఒక్క పేరు చూపును అంత మార్చగలదు.

అనుభవం లేకపోతే చూపు ఎలా ఉంటుంది? పుట్టుకతో చూపు లేని మనిషి చేత్తో తడిమి ఘనాన్నీ గోళాన్నీ వేరుగా గుర్తుపట్టగలడు, ఉన్నట్టుండి చూపు వస్తే తాకకుండా కంటితోనే ఏది ఏదో చెప్పగలడా అని 1688లో విలియం మాలినో అనే ఐరిష్ పండితుడు తత్వవేత్త జాన్ లాక్‌ను అడిగాడు. మూడు శతాబ్దాలకు పైగా అది వాదనగానే ఉండిపోయింది. అమెరికాలోని ఎంఐటీలో పనిచేసే పవన్ సిన్హా మన దేశంలో ప్రాజెక్ట్ ప్రకాశ్ మొదలుపెట్టి, పుట్టుకతో చూపు లేని పిల్లలకు ఆపరేషన్లు చేయించాక గాని దానికి జవాబు దొరకలేదు. 2011లో వెలువడిన ఆ పరిశోధనలో ఐదుగురు పిల్లలున్నారు. ఆపరేషన్ అయిన వెంటనే, చేత్తో తడిమిన వస్తువును కంటితో పోల్చుకోలేకపోయారు. కళ్లు తెరుచుకున్నాయి, వెలుతురు లోపలికెళ్లింది, కానీ చేతికి తెలిసిన ఆకారమూ కంటికి తెలిసిన ఆకారమూ ఒకటేనన్న సంగతి మెదడుకు ఇంకా తెలియదు. అది నేర్చుకోవడానికి ఎక్కువ కాలమేమీ పట్టలేదు. కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లోనే చాలా మెరుగుపడ్డారు.

అన్ని విషయాల్లో మెదడు అంత ఓపిగ్గా ఎదురుచూడదు. పిల్లికూనల ఒక కన్నును పుట్టిన తొలి వారాల్లో మూసి ఉంచి తర్వాత తెరిస్తే, కన్ను బాగానే ఉన్నా మెదడులోని దృష్టి కణాలు దాన్ని పట్టించుకోవడం మానేస్తాయని డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీజెల్ చూపించారు. 1981 నోబెల్ బహుమతిలో వాళ్ల వాటా అలాంటి పరిశోధనలకే దక్కింది. మన ఇళ్లలో దీనికి దగ్గరి ఉదాహరణ మెల్లకన్ను. పిల్లలకు మెల్లకన్ను ఉంటే అదృష్టమని ఊరుకునే అలవాటు ఇంకా పోలేదు. రెండు కళ్లూ రెండు వైపులు చూస్తుంటే మెదడు ఒక కంటి మాట వినడం మానేస్తుంది, క్రమంగా ఆ కంటి చూపు మందగిస్తుంది. డాక్టర్లు లేజీ ఐ అనేది దాన్నే. నిజానికి బద్ధకం కంటిది కాదు. అందుకే మంచి కంటికి ప్యాచ్ కట్టి, వెనకబడిన కంటితోనే చూసేలా చేస్తారు. ఏడెనిమిదేళ్ల లోపు మొదలుపెడితే ఫలితం బాగా ఉంటుంది, ఆ తర్వాత కొంత ఉంటుంది. విశాఖలో హనుమంతవాక దగ్గర ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటిది ఉన్న ఊళ్లో కూడా అదృష్టం పేరుతో ఆ ఏళ్లు జారవిడుచుకోవడం చిన్న తప్పు కాదు.

చూపు నేర్చుకునేదే అనడానికి ఆసుపత్రి దాకా కూడా పోనక్కర్లేదు. ఒడిశా నుంచి వచ్చే బస్సు మీద ఒడియాలో ఊరి పేరు రాసి ఉంటుంది. తెలుగువాళ్లకు అది గుండ్రటి గీతల వరుస. పక్కనే నిలబడిన బరంపురం మనిషికి అది ఊరి పేరు. చదవకుండా ఉందామన్నా ఉండలేడు. జగదాంబ జంక్షన్‌లో తెలుగు బోర్డును చూసి అక్షరాలను ఉత్త బొమ్మలుగా చూడాలని ప్రయత్నిస్తే తెలుగువాళ్లకు అదే అనుభవం. చదువు వచ్చినవాళ్ల మెదడులో ఎడమవైపు కింది భాగంలో అక్షరాల కోసమే అన్నట్టు పనిచేసే చిన్న ప్రాంతం ఒకటి ఏర్పడుతుంది. పుట్టుకతో అలాంటిదేమీ ఉండదు. మనిషి రాయడం మొదలుపెట్టి ఐదారు వేల ఏళ్లే అయింది, అంతలో పరిణామం దానికోసం ప్రత్యేకంగా ఏమీ చెయ్యలేదు. వస్తువులనూ ముఖాలనూ పోల్చుకునే పాత సరంజామానే మెదడు అక్షరాలకు వాడుకుంటోంది. ప, వ, ష, స పక్కపక్కన పెడితే ఒకటో తరగతి పిల్లలు తికమకపడటంలో వింతేమీ లేదు. గీతలో చిన్న తేడా వస్తే వస్తువు మారిపోవడం అక్షరాల లోకంలోనే జరుగుతుంది. గిన్నెకు చిన్న సొట్ట పడినా గిన్నె గిన్నేగా!

వాడకపోతే ఏమవుతుందో తెలుగు అంకెలే సాక్ష్యం. ౪, ౫, ౬ చూసి టక్కున చెప్పగలిగేవాళ్లు ఇప్పుడెంతమంది?

ఇక గుర్తుకు రావడం సంగతి. 50 రూపాయల నోటు రోజూ చేతులు మారుతుంది. ఇప్పటి నోటు వెనక ఏ బొమ్మ ఉందో పర్సు తీయకుండా చెప్పమంటే చాలామంది ఆగిపోతారు. హంపి రాతిరథం. పది నోటు వెనక కోణార్క సూర్యదేవాలయం. అమెరికాలో 1979లో నికర్సన్, ఆడమ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇలాంటి ప్రయోగమే చేశారు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న ఒక సెంటు నాణెం బొమ్మ గీయమంటే జనం దారుణంగా తప్పారు. ఎన్నిసార్లు కంటబడిందన్నది జ్ఞాపకానికి ముఖ్యం కాదు. నోటును గుర్తుపట్టడానికి రంగు, సైజు చాలు కాబట్టి మెదడు అంతకుమించి ఖర్చు పెట్టలేదు.

జ్ఞాపకం ఒకే పెట్టె కాదని తెలిసిందీ ఒక మనిషి వల్లే. హెన్రీ మొలైసన్‌కు మూర్ఛలు తగ్గించడానికి 1953లో మెదడు రెండు పక్కలా లోతట్టున ఉండే హిప్పోక్యాంపస్ అనే భాగంతో పాటు చుట్టుపక్కల కొంత భాగాన్ని తీసేశారు. మూర్ఛలు తగ్గాయి. ఆ తర్వాత జరిగిన సంగతేదీ ఆయన మనసులో నిలవలేదు. పరిచయమైన మనిషి గది దాటి తిరిగొస్తే మళ్లీ కొత్తమనిషే. బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆయన చేత అద్దంలో చూస్తూ నక్షత్రం గీతల మధ్య పెన్సిల్ నడిపించింది. రోజురోజుకూ చెయ్యి మెరుగుపడింది. అయినా, ప్రతిరోజూ ఆయన లెక్కలో అదే మొదటిసారి. చేతికి వచ్చిన విద్య వేరే చోట ఉంటుంది, ఎప్పుడు నేర్చామన్న జ్ఞాపకం వేరే చోట ఉంటుంది. ఇంట్లో మతిమరుపు ముదిరిన పెద్దవాళ్లు మనవడి పేరు మరిచిపోయినా, పూలు చేతికిస్తే మాల కట్టగలగడం ఇందువల్లే.

హిప్పోక్యాంపస్‌కు దారులతో కూడా పని. లండన్ టాక్సీ డ్రైవర్లు లైసెన్సు కోసం దాదాపు 25 వేల వీధులు నేర్చుకోవాలి. వాళ్లలో హిప్పోక్యాంపస్ వెనక భాగం మిగతావాళ్ల కన్నా పెద్దదిగా ఉందని 2000లో ఎలినోర్ మగ్వైర్ బృందం చూపింది. అనుభవం పెరిగేకొద్దీ ఆ తేడా కూడా ఎక్కువగా కనిపించింది. సముద్రం మీద వీధులుండవు. తీరంలోని మత్స్యకారుల పాత పద్ధతిలో ఒడ్డున కనిపించే కొండ, దీపస్తంభం, గుడి గోపురం లాంటివే గుర్తులు. ఏ కొండ ఏ గుర్తుకు సూటిగా వస్తే పడవ ఎక్కడున్నట్టో లెక్క కట్టుకుంటారు. ఇప్పుడు జీపీఎస్ వచ్చింది, చాలా మేలే చేసింది. కానీ తెర మీది బాణాన్ని వెంబడించడం గుర్తుపట్టే పని, కొండల వరుసను మనసులో పరుచుకోవడం గుర్తుకు తెచ్చుకునే పని.

ఈ రెండో పనిని తెలుగువాళ్లు ఒక కళగానే పెంచారు. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. సమస్య, దత్తపది, వర్ణన లాంటివాటికి అవధాని ఒక్కో ఆవృత్తిలో ఒక్కో పాదం చొప్పున పద్యం చెబుతాడు. మధ్యలో ఒకరు అప్రస్తుత ప్రసంగంతో సతాయిస్తుంటే, ఇంకొకరు గంట కొడుతుంటారు, ఆ గంటలూ లెక్కపెట్టాలి. చివర్లో ధారణ. విడివిడిగా చెప్పిన పాదాలన్నీ కలిపి, పద్యాలుగా అప్పజెప్పాలి.

మనిషి ఒక్కసారిగా మనసులో పట్టి ఉంచుకోగలిగేవి ఏడు, రెండు అటూ ఇటూ అని 1956లో జార్జ్ మిల్లర్ లెక్క. నాలుగే అని 2001లో నెల్సన్ కోవన్. మరి అవధాని ఇన్ని వందల అక్షరాలు ఎలా మోస్తాడు? ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు. ఏది గురువో ఏది లఘువో ముందే ఖాయం. పదో అక్షరం మొదటి అక్షరంతో యతి కుదరాలి. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ప్రాస. ఇరవై గదుల్లో ఏ గది ఎలాంటిదో తెలిసిన ఇంట్లోకి సామాను చేర్చడం లాంటిది అది. ఒక అక్షరం జారిపోతే ఛందస్సే చెయ్యి పట్టి చూపిస్తుంది. అర్థం, సందర్భం, పృచ్ఛకుడి ముఖం, అతను కూర్చున్న చోటు అన్నీ కొక్కేలే. చదరంగం మేటి ఆటగాళ్ల గురించి 1973లో చేజ్, సైమన్ చూపిన సంగతి కూడా ఇలాంటిదే. నిజమైన ఆటలోని పావులను కొన్ని సెకన్లు చూసి తిరిగి పేర్చగలిగినవాళ్లు, ఇష్టం వచ్చినట్టు పరిచిన పావుల ముందు మాత్రం మామూలువాళ్లతో దాదాపు సమానమయ్యారు. జ్ఞాపకశక్తి అని మనం మెచ్చుకునేది చాలావరకు ఆ విషయంలో ఉన్న పరిచయమే.

అవధానంలో నిషిద్ధాక్షరి ఇంకా ముచ్చటైనది. అవధాని నోట ఒక అక్షరం రాగానే, తర్వాత ఏ అక్షరం రాబోతుందో పృచ్ఛకుడు పసిగట్టి దాన్ని వద్దంటాడు. తాడును పామనుకున్న మెదడు చేసే పనే అది. కాకపోతే ఇక్కడ ఇద్దరు పండితులు బాహాటంగా చేస్తారు.

ఇప్పుడు ఇంటర్ పిల్లల దగ్గరికి రావచ్చు. పొద్దున నాలుగింటికి లేచి స్టడీ అవర్‌లో కూర్చుని ఒకే చాప్టర్ నాలుగుసార్లు చదువుతారు. పసుపు హైలైటర్‌తో సగం పేజీ నింపుతారు. నాలుగోసారికి ప్రతి వాక్యమూ తెలిసిన ముఖంలా పలకరిస్తుంది. ‘వచ్చేసింది’ అనిపిస్తుంది. వచ్చింది గుర్తుపట్టడం మాత్రమే. పరీక్ష హాల్లో పుస్తకం ఉండదు, తెల్ల కాగితం ఉంటుంది. చదివాను కానీ గుర్తుకు రావట్లేదు అనే టెన్షన్ అక్కడ మొదలవుతుంది. పిల్లవాడు అబద్ధం ఆడటం లేదు. చదవడం చదివాడు, గుర్తుకు తెచ్చుకోవడం అన్న పని ఒక్కసారీ చెయ్యలేదు.

2006లో రోడిగర్, కార్పికీ ఇదే పరీక్షించారు. ఒక భాగాన్ని కొందరు మళ్లీ మళ్లీ చదివారు, ఇంకొందరు చదివి, చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే ఫలితం తారుమారైంది. ఈ ఐదు నిమిషాల సుఖమే ఇబ్బంది. పద్ధతి పనిచేస్తోందని అదే నమ్మిస్తుంది.

పాత బడుల్లో ‘పాఠం అప్పజెప్పు’ అనేవారు. అప్పజెప్పడమంటే తీసుకున్నది తిరిగి చేతికివ్వడం, అందులోనూ పుస్తకం మూసి. దాన్నంతా బట్టీ అని కొట్టిపారేయడం కొంత తొందరపాటే. బట్టీతో వచ్చే చిక్కు వేరు. ఏడో ఎక్కం ఒక్క వరసలోనే నేర్చిన పిల్లాణ్ణి ఏడెనిమిదులు ఎంత అంటే, ఏడొకట్ల ఏడు నుంచి గొణుక్కుంటూ రావాల్సిందే. దారి ఒకటే తెలుసు, మధ్యలో ఎక్కడానికి మెట్టు లేదు. రకరకాల వైపుల నుంచి అడిగితే, రోజులు ఎడం పెట్టి అడిగితే ఆ మెట్లు ఏర్పడతాయి. మరుపు మొదట్లో వేగంగా, తర్వాత నిదానంగా సాగుతుందని 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన మీదే ప్రయోగాలు చేసుకుని చూపాడు. చదివింది ఒకే రోజు కుక్కడం కన్నా రోజుల మీద పరచడం మేలని తేల్చిందీ ఆయనే.

నైట్‌అవుట్ల గురించి ఒక్క మాట. పగలు ఎలుక నడిచిన దారికి సంబంధించిన హిప్పోక్యాంపస్ కణాలు, అది నిద్రపోతున్నప్పుడు మళ్లీ కలిసి మెరుస్తాయని 1994లో విల్సన్, మెక్‌నాటన్ గమనించారు. చదివింది కుదురుకునే వేళ నిద్ర. దాన్ని కోసేసి ఇంకో చాప్టర్ చదవడం లాభసాటి బేరం కాదు.

గుర్తుకు తెచ్చుకోవడంలో కూడా ఒక ప్రమాదం ఉంది. అది బీరువాలోంచి ఫొటో తీయడం కాదు, ప్రతిసారీ కొత్తగా అల్లడం. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ కార్ల ప్రమాదం సినిమా చూపించి వేగం ఎంత ఉంటుందో అడిగారు. ప్రశ్నలో క్రియ మార్చారంతే. మన భాషలో చెప్పాలంటే ‘తగిలినప్పుడు’ అని ఒకరిని, ‘గుద్దేసుకున్నప్పుడు’ అని ఇంకొకరిని అడగడం. రెండోవాళ్లకు వేగం ఎక్కువ అనిపించింది. వారం తర్వాత, పగిలిన అద్దం చూశామన్నవాళ్లు మొదటివాళ్లలో కన్నా వీళ్లలో ఎక్కువమంది. సినిమాలో అద్దమే పగల్లేదు. జాతీయ రహదారి మీద ప్రమాదం జరిగినప్పుడు సాక్షుల చుట్టూ చేరి మొదట ప్రశ్న వేసేవాళ్లకు ఎంత బాధ్యత ఉందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

1986లో చాలెంజర్ వ్యోమనౌక పేలిన మర్నాడే అమెరికాలో ఉల్రిక్ నైసర్ తన విద్యార్థుల చేత, ఆ వార్త ఎక్కడ ఎలా విన్నారో రాయించి పెట్టుకున్నాడు. దాదాపు మూడేళ్ల తర్వాత మళ్లీ అడిగితే చాలామంది జవాబులు వాళ్లు రాసినదానికి పొంతన లేకుండా వచ్చాయి. తమ చేతిరాత చూపించినా కొందరు ఒప్పుకోలేదు. ఇప్పుడు జ్ఞాపకం ఉన్నదే నిజమన్నారు.

హుద్‌హుద్ విషయంలో విశాఖవాసులది ఇంకా చిత్రమైన పరిస్థితి. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. తమ ఊరి దృశ్యాలను టీవీలో బయటి ఊళ్లవాళ్లు ముందు చూశారు, విశాఖవాళ్లు తర్వాత చూశారు. ఎగిరిపోయిన రేకు తమ మేడ మీదినుంచి చూసిందో, ఆ తర్వాత ఎవరి ఫోన్‌లోనో చూసిందో పదేళ్లు దాటాక విడదీయడం అంత తేలిక కాదు. ఆ వారం ఇంట్లో ఎవరైనా నోట్‌బుక్‌లో పాల ధరో, నీళ్ల ట్యాంకరు వచ్చిన వేళో, ఏ చెట్టు ఎటు పడిందో రాసి పెట్టి ఉంటే, ఆ పేజీ తెరిచేముందు అందరూ తలా ఒక కాగితం మీద తమకు గుర్తున్నది రాయాలి. తర్వాత పక్కపక్కన పెట్టి చూడాలి.